చట్టం ఎలా తయారవుతుందో పిల్లలకు ఆటగా చెప్పాలనుంది, సలహాలు కావాలి

సోషల్ టీచరమ్మ · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. శనివారం మధ్యాహ్నం ఎనిమిది, తొమ్మిది తరగతులకు గ్రంథాలయం పీరియడ్ ఉంటుంది. బిల్లు చట్టం ఎలా అవుతుందన్న పాఠం ఆ పీరియడ్‌లో ఆటగా ఆడిద్దామని ఆలోచన.

ప్రస్తుతానికి అనుకున్నది వైకుంఠపాళి. డ్రాయింగ్ షీటు మీద కింది గడిలో బిల్లు ప్రవేశపెట్టడం, పై గడిలో గెజెట్. మధ్యలో మూడు పఠనాలు (సభలో బిల్లు దాటే మూడు దశలు), శాసన మండలి, గవర్నరు. "ఏకగ్రీవంగా ఆమోదం" అంటే నిచ్చెన, "సెలెక్ట్ కమిటీకి (బిల్లును విడిగా పరిశీలించే సభ్యుల బృందానికి) పంపారు" అంటే పాము. అన్నిటికన్నా పెద్ద పాము "శాసనసభ రద్దు". డబ్బులు పెద్దగా పెట్టలేను. చార్టులు, స్కెచ్ పెన్నులు, చింతగింజలు, అంతే. ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరి దగ్గరైనా ఉందా?

మధ్యబెంచి · ఆదివారం రాత్రి

టీచర్, నేను ఇంటర్ ఫస్టియర్. మా స్కూల్లో యూత్ పార్లమెంట్ పెట్టినప్పుడు స్పీచులన్నీ సార్లే రాసిచ్చారు. బిల్లు పాసవుతుందని అందరికీ ముందే తెలుసు. నేను ప్రతిపక్షం. లేచి "సిగ్గు సిగ్గు" అని మళ్లీ కూర్చోవడమే నా పాత్ర. దానికన్నా ఆట నయమే. కాకపోతే వైకుంఠపాళిలో అంతా పాచికే చేస్తుంది కదా, మేం చేసేదేముంది?

పాచికలబ్బాయి · ఆదివారం రాత్రి

తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. వైకుంఠపాళితో దశల పేర్లు నోటికొస్తాయి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు సరిపోతుంది. అందులో ఆడేవాడు తేల్చుకోవాల్సింది మాత్రం ఏమీ ఉండదు. పైగా కమిటీకి పంపడాన్ని పాముగా చూపిస్తే అదేదో శిక్ష అనుకుంటారు. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అన్నదే కదా పిల్లలకు తెలియాలి!

నేను బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు బోర్డ్ గేములు. మన దేశంలోనే జైన్ మేమన్ డిజైన్ చేసిన 'శాసన్' అనే ఆట ఉంది, 2019లో క్రౌడ్‌ఫండింగ్‌తో వచ్చింది. ఆట బావుంటుంది, కానీ అది ఎన్నికల వరకే. ఓటర్లను కూడగట్టుకోవడమే పని, చట్టం దాకా వెళ్లదు. మీకు నేను చెప్పేది 'నామిక్'. 1982లో పీటర్ సూబర్ అనే అమెరికన్ తత్వశాస్త్ర ఆచార్యుడు తయారుచేశాడు. బోర్డు కూడా అక్కర్లేదు. వంతు వచ్చినవాళ్లు ఆట రూల్ ఒకటి మార్చమని ప్రతిపాదించాలి, మిగతావాళ్లు ఓటేయాలి. మొదట్లో అందరూ ఒప్పుకుంటేనే మార్పు, రెండు చుట్లు అయ్యాక మెజారిటీ చాలు. రూల్స్ రెండు రకాలు. 101 నుంచి ఉన్నవి గట్టివి, 201 నుంచి ఉన్నవి మామూలువి. గట్టిదాన్ని మార్చాలంటే ముందు అందరి ఒప్పుదలతో దాన్ని మామూలు రూల్ కిందికి దించాలి.

దీన్ని అష్టాచెమ్మాకి తగిలించండి. మామూలుగా ఆట మొదలుపెట్టించండి. ప్రతి చుట్టు తర్వాత ఒకరు ఒక రూల్ మార్పు పెడతారు. "చెమ్మ పడితే మళ్లీ వేసే ఛాన్స్ లేదు" అనో, "ఇంట్లో ఉన్న కాయను కూడా చంపొచ్చు" అనో. నా మేనల్లుడి గ్యాంగుతో ఆడించాను. ముందున్నవాడు తనకు లాభం వచ్చే రూల్ పెట్టాడు, వెనకున్న ముగ్గురూ ఒక్కటై దాన్ని పడగొట్టారు. ఆ తర్వాత ఆ ముగ్గురి మధ్యే కొట్లాట. గవ్వలు వేయడం మానేసి గంటసేపు ఓట్ల లెక్కలే వేసుకున్నారు.

ఓరుగల్లు లా · సోమవారం పొద్దున

అష్టాచెమ్మా ఐడియా మస్తుంది అన్నా. నేను ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం. గట్టి రూల్, మామూలు రూల్ తేడా అంటే మన రాజ్యాంగంలో 368వ అధికరణమే. మామూలు చట్టానికి సాధారణ మెజారిటీ చాలు, రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ కావాలి. 1973లో సుప్రీంకోర్టు కేశవానంద భారతి తీర్పు ఇచ్చాక, ఎంత మెజారిటీ ఉన్నా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చలేరు. కాబట్టి అక్కా, మీ అష్టాచెమ్మాలో ఎవరూ మార్చలేని రూల్ ఒక్కటి ముందే పెట్టండి. "ఎవరినీ ఆటలోంచి వెళ్లగొట్టకూడదు" లాంటిది.

ఇంకొకటి. కొత్త రూల్ పాసైన వెంటనే ఎవడో ఒకడు "అయితే ఇందాక నువ్వేసిన ఆట చెల్లదు" అంటాడు చూడండి. చేసినప్పుడు నేరం కానిదానికి తర్వాత చట్టం తెచ్చి శిక్ష వేయకూడదని 20వ అధికరణం మొదటి క్లాజు చెబుతుంది. క్లాసులో అది చెప్పడానికి అంతకన్నా మంచి టైం దొరకదు.

గోడమీద పిల్లి · సోమవారం మధ్యాహ్నం

ఇంత కష్టం దేనికండీ? టీవీలో సభ చూపిస్తే సరి. ఒకాయన మైకు విరుస్తాడు, ఇంకొకాయన కాగితాలు చింపుతాడు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిందీ మన తెలుగాయనే. అంతకుముందు జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో (నోటితో అవును, కాదు అనడంతో) తిప్పికొట్టింది. ఏమైంది? ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, జూన్ 2న కొత్త రాష్ట్రం. ఆటలాడి పిల్లలు నేర్చుకునేదేంటి, మనం ఏమన్నా అయ్యేది అవుతుందనా?

ఓరుగల్లు లా · సోమవారం మధ్యాహ్నం

మూడో అధికరణం కింద రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు అన్నా, అంతే. దానికి కట్టుబడాలని ఎక్కడా లేదు. "ఏమన్నా అయ్యేది అవుతుంది" కాదు, ఎవరి మాటకు ఎక్కడ ఎంత బలం ఉందన్నదే అక్కడ తెలుసుకోవాల్సింది.

మోడరేటర్ · సోమవారం సాయంత్రం

విభజన మీద మాట్లాడుకోవడానికి వేరే థ్రెడ్ ఉంది, అందులో 400 పోస్టులు దాటాయి. ఇక్కడ ఆట సంగతి చూద్దాం.

డల్లాస్ బాబాయ్ · సోమవారం రాత్రి

ఇక్కడ మన పిల్లలకు ఆదివారం తెలుగు బడి నడుపుతాం. 1960లలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త స్కూలు పిల్లల కోసం ఒక శాసనసభ ఆట తయారుచేశాడు. ప్రతి పిల్లా ఒక సభ్యురాలు. చేతికి కొన్ని కార్డులొస్తాయి. తన నియోజకవర్గంలో ఏ అంశానికి ఎంతమంది అనుకూలం, ఎంతమంది వ్యతిరేకం అన్నది వాటి మీద ఉంటుంది. "రోడ్ల బిల్లుకు నేను నీకు ఓటేస్తా, బడుల బిల్లుకు నువ్వు నాకెయ్యి" అని బేరాలు పెట్టుకోవాలి. చివర్లో ఎక్కువమంది ఓటర్లను మెప్పించినవాళ్లే మళ్లీ గెలిచినట్టు. ఆ పద్ధతిలో మేమే కార్డులు రాసుకుని ఆడించాం. మామూలుగా నోరు విప్పని పిల్ల లేచి బల్లల చుట్టూ తిరుగుతూ బేరాలాడింది. టీచర్ గారూ, కావాలంటే కార్డులు తెలుగులో టైపు చేసి పంపుతాను.

ఓరుగల్లు లా · సోమవారం రాత్రి

బాబాయ్, ఆ ఆట మీ దగ్గర నడుస్తుంది. మన దగ్గర రాజ్యాంగంలో పదో షెడ్యూల్ ఉంది, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. 1985లో 52వ సవరణతో వచ్చింది. పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) జారీ చేసినప్పుడు ముందుగా అనుమతి లేకుండా దానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు గైర్హాజరైనా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే బతికిపోతాడు. మొదట్లో మూడో వంతు మంది చీలితే మినహాయింపు ఉండేది, 2003లో 91వ సవరణ అదీ తీసేసింది. మీ అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు సొంత పార్టీ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేస్తే మరునాడు వార్త అవుతాడు, మా ఎమ్మెల్యే అయితే మాజీ అవుతాడు. ఓట్ల మార్పిడి ఆట ఆడించి "మన సభ ఇలా నడుస్తుంది" అని పిల్లలకు చెబితే అది నిజం కాదు.

గోడమీద పిల్లి · సోమవారం రాత్రి

అదే నేను అన్నది. అధికార పక్షానికి ఇన్ని సీట్లు, ప్రతిపక్షానికి ఇన్ని అని గోడ మీద రాసేసి బెల్లు కొట్టేయండి. ఆట అయిపోయినట్టే.

పాత ఫైలు · మంగళవారం పొద్దున

రెండు రోజులుగా చదువుతున్నాను. శాసనసభ సచివాలయంలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

టీచరు గారి బోర్డులో మొదటి గడి "బిల్లు ప్రవేశపెట్టడం". అక్కడికి వచ్చేసరికే ఆట సగం అయిపోతుంది అమ్మా. శాఖలో ముసాయిదా రాస్తారు. ఆర్థిక శాఖ డబ్బెక్కడిదంటుంది. న్యాయశాఖ ఒక్కో పదం పట్టుకుని "ఇది కేంద్రం జాబితాలోదేమో చూడండి" అంటుంది. తర్వాత మంత్రివర్గం. బయట సంఘాల వాళ్లు మంత్రిని కలిసి "ఈ మాట ఒక్కటి తీసేయండి సార్" అంటారు. బేరాలన్నీ అప్పుడే. సభలో మూజువాణి ఓటు నిమిషంలో తేలిపోయిందంటే, నెలల తరబడి వేరే గదుల్లో తేలింది కాబట్టే. విప్ ఉందని ఆట మానేయాల్సిన పనిలేదు, ఆట ఎక్కడ జరుగుతుందో అక్కడ బోర్డు పెట్టండి.

సభలోనూ ఏమీ లేదనుకోవద్దు. క్లాజుల వారీ పరిశీలన ఉంటుంది. సవరణకు ముందుగా నోటీసివ్వాలి. ఒక్కో క్లాజునూ ఓటుకు పెట్టి బిల్లులో భాగం చేస్తారు. పిల్లలకు నచ్చే విచిత్రం ఒకటి చెబుతాను. మొదటి క్లాజు, అంటే చట్టం పేరు, ఎప్పటినుంచి అమలు అన్నది, దాన్ని చివర్లో తీసుకుంటారు. లోపల సరుకేమిటో తేలాకే పేరు.

మండలి గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. పార్లమెంటులో రెండు సభలకూ పొసగకపోతే ఉమ్మడి సమావేశం ఉంది. బిల్లుల కోసం అది మూడుసార్లే జరిగింది: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధం. రాష్ట్రంలో ఆ ఏర్పాటు లేదు. 197వ అధికరణం ప్రకారం మండలి మామూలు బిల్లును మూడు నెలలు ఆపగలదు. శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా లేకున్నా రెండు సభలూ ఆమోదించినట్టే. ద్రవ్య బిల్లయితే 14 రోజులే. కాబట్టి మీ ఆటలో మండలికి ఆపే అధికారం ఇవ్వండి, చంపే అధికారం ఇవ్వకండి.

పాచికలబ్బాయి · మంగళవారం మధ్యాహ్నం

పెద్దాయన చెప్పాక డిజైన్ దానంతటదే వచ్చేసింది. పాచిక తీసేయండి. బోర్డు కూడా వద్దు. బిల్లే బోర్డు. చార్టు మీద నాలుగైదు క్లాజులు పెద్దక్షరాల్లో రాసి, ముఖ్యమైన చోట ఖాళీలు వదిలేయండి. ఆటంతా ఆ ఖాళీల్లో ఏం రాయాలన్న దాని మీదే.

విప్‌ను కార్డుగా పెడదాం. ఒక్కో పార్టీ నాయకుడికి రెండే విప్ కార్డులు. కార్డు వేసిన క్లాజుకు పార్టీ అంతా నాయకుడు చెప్పినట్టే ఓటేయాలి. ధిక్కరించినవాడు తన కుర్చీని బల్ల మీద పెట్టినట్టు. తర్వాతి చుట్టులోగా నాయకుడు క్షమిస్తే ఉంటాడు, లేదంటే అవుట్. 15 రోజుల్లో క్షమించడమన్నది అలా వచ్చేస్తుంది. నాయకుడికీ చిక్కే, ఉన్న రెండు కార్డులూ ముందే వాడేస్తే చివరి క్లాజుకు చేతులు ఖాళీ.

ఓరుగల్లు లా · మంగళవారం మధ్యాహ్నం

నిజంగా విప్‌కు రెండే అన్న లెక్క లేదు. ఆ సంగతి ఆట చివర్లో పిల్లలకు చెప్పాలి.

పాచికలబ్బాయి · మంగళవారం మధ్యాహ్నం

చెబుదాం. కార్డులకు లెక్క పెట్టకపోతే గోడమీద పిల్లి గారు అన్నట్టు బెల్లు కొట్టేయాల్సిందే.

మధ్యబెంచి · మంగళవారం సాయంత్రం

బిల్లు దేని మీద? ప్లాస్టిక్ నిషేధం, చెట్లు నాటడం అయితే ఎవరూ కొట్లాడరు టీచర్, అందరూ మంచివాళ్లైపోతారు. రెసిడెన్షియల్ కాలేజీల స్టడీ అవర్స్ మీద పెట్టండి. పొద్దున అయిదున్నరకు లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెడతారు. మా అమ్మకే అది ఇష్టం. ఇంట్లోనే రెండు పార్టీలు.

సోషల్ టీచరమ్మ · మంగళవారం రాత్రి

మధ్యబెంచీ, ఇది బంగారం లాంటి సలహా. విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశాల్లో) ఉంది, 42వ సవరణతో మారింది. కాబట్టి మన శాసనసభ చట్టం చేయొచ్చు, కేంద్ర చట్టంతో పొసగకపోతే వచ్చే చిక్కు కూడా చెప్పొచ్చు. పాత ఫైలు గారూ, ముసాయిదా రాస్తున్నాను, ఒకసారి చూసిపెట్టండి:

క్లాజు 2. ఏ జూనియర్ కళాశాలా విద్యార్థిని రోజుకు ____ గంటలకు మించి తరగతుల్లో, స్టడీ అవర్లలో కూర్చోబెట్టరాదు.
క్లాజు 3. ____ సెలవు దినం.
క్లాజు 4. ఉల్లంఘిస్తే రూ. ____ జరిమానా, దాన్ని ____ విధిస్తారు.
క్లాజు 5. ఈ చట్టం ____ కి వర్తించదు.

పాత ఫైలు · బుధవారం పొద్దున

బాగుందమ్మా. అయిదో క్లాజు మీద కన్నేసి ఉంచండి. చట్టానికి ప్రాణం పోసేదీ తీసేదీ మినహాయింపే. ఆరో క్లాజు చేర్చండి: "ఈ చట్టం అమలుకు ప్రభుత్వం నియమాలు రూపొందించవచ్చు." బిల్లు పాసయ్యాక ఇద్దరు పిల్లలను అధికారులుగా కూర్చోబెట్టి ఆ నియమాలు రాయించండి. సభ గెలిచినవాళ్లు అక్కడ ఓడిపోతే మొహాలు ఎలా ఉంటాయో చూడండి.

సోషల్ టీచరమ్మ · ఆదివారం పొద్దున

నిన్న ఆడించాం. వివరంగా రాస్తున్నాను, కొంచెం ఓపిక పట్టండి.

క్లాసును అధికార పక్షం, ప్రతిపక్షం, ఒక చిన్న పార్టీ, మండలి అని పంచాను. సభ బయట తల్లిదండ్రులు, కాలేజీ యాజమాన్యాలు, లెక్చరర్లు, విద్యార్థులు. విద్యార్థుల పాత్ర వేసినవాళ్లకు ఓటు లేదు, లాబీలో నిలబడి మాట్లాడుకోవడమే. "మా గురించి చట్టం, మాకు ఓటు లేదా?" అని వెంటనే గొడవ. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గిన 61వ సవరణ గురించి చెప్పాను. "అయితే 16కి ఎందుకు తగ్గించకూడదు" అని ఇంకో గొడవ.

గంటల క్లాజు ఎనిమిది దగ్గర తేలిపోయింది. మూడో క్లాజే ముదిరింది. మొదట "ప్రతి ఆదివారం" అని రాశారు. యాజమాన్యం పాత్ర వేసిన అబ్బాయి చిన్న పార్టీ దగ్గర చేరి "నెలకు రెండు ఆదివారాలు" చేయించాడు. సరే అన్నారు. అయిదో క్లాజు దగ్గరికి వచ్చేసరికి అదే అబ్బాయి చాలా వినయంగా "పరీక్షలకు ముందు కాలానికి వర్తించదు అని పెట్టండి చాలు" అన్నాడు. న్యాయమే కదా అని మూజువాణి ఓటుతో పాస్ చేసేశారు. వెనక వరస నుంచి ఒక అమ్మాయి లేచి "టీచర్, మనకు వారం వారం పరీక్ష ఉంటుంది కదా, అయితే ఈ చట్టం ఎప్పుడూ వర్తించదు" అంది. క్లాసంతా నిశ్శబ్దం, తర్వాత గోల. డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) కావాలన్నారు, కానీ అప్పటికే ఆమోదమైపోయింది. మండలిలో కూర్చున్న పిల్లలు బిల్లును సవరణలతో వెనక్కి పంపారు. అధికార పక్షం నాయకుడు అప్పుడు విప్ వేయబోతే కార్డులు అయిపోయాయి, అంతకుముందే జరిమానా క్లాజు మీద రెండూ వేసేశాడు. చివరికి "పబ్లిక్ పరీక్షలకు ముందు 30 రోజులు" అని మార్చి పాస్ చేశారు. నేనైతే నోరు మెదపలేదు.

నియమాలు రాసే అధికారులు "సెలవు దినం అంటే హాస్టల్ గేటు లోపల ఉండే సెలవు" అని రాశారు. అది ఇంకా తేలలేదు.

డల్లాస్ బాబాయ్ · ఆదివారం మధ్యాహ్నం

ఆ యాజమాన్యం కుర్రాడు పెద్దయ్యాక ఏమవుతాడో చూడాలి.

ఓరుగల్లు లా · ఆదివారం మధ్యాహ్నం

అక్కా, గవర్నర్ని మరిచిపోయారు! 200వ అధికరణం: ఆమోదించొచ్చు, ఆపొచ్చు, వెనక్కి పంపొచ్చు, రాష్ట్రపతికి పంపొచ్చు. ఎంతకాలంలో అన్నది నిక్కచ్చిగా లేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. రాష్ట్రపతి అభిప్రాయం కోరాక, అదే ఏడాది నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కోర్టులు అలా గడువులు విధించలేవు అంది. అలాగని అంతులేకుండా అట్టిపెట్టుకోవడం కుదరదనీ చెప్పింది. ఆంధ్రలో 2019 డిసెంబరులో ఆడవాళ్లపై నేరాలకు త్వరగా శిక్ష పడాలన్న దిశ బిల్లు రెండు సభల్లోనూ పాసైంది. పోలీస్ స్టేషన్లకు ఆ పేరు పెట్టారు, యాప్ వచ్చింది. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు. చట్టం అయిపోయిందనుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పాచికలబ్బాయి · ఆదివారం సాయంత్రం

గడువు లేని కార్డు పెడితే ఆట అక్కడే చచ్చిపోతుంది చెల్లీ. మూడు చుట్లు అని పెడదాం.

ఓరుగల్లు లా · ఆదివారం సాయంత్రం

లేదన్నా. పిల్లలు విసిగిపోయి "ఇంకెంతసేపు?" అని అడగాలి. ఆ విసుగు కూడా పాఠంలో భాగమే.

గోడమీద పిల్లి · ఆదివారం రాత్రి

ఒప్పుకోవాలని లేదు కానీ, ఆ వారం పరీక్షల పాయింటు పట్టిన అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను ఇవ్వండి. తర్వాతి ఆటకు నాదో సూచన: సారా ఉద్యమం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు మొదలుపెట్టారు, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997కల్లా సడలింపు. చట్టం పుట్టడంతో పాటు ఖజానా లెక్క చూసి వెనక్కి పోవడం కూడా పిల్లలు చూడాలి. ఒక్కో చుట్టుకూ ఖజానాలోంచి చింతగింజలు తీసేస్తూ పోండి.

సోషల్ టీచరమ్మ · ఆదివారం రాత్రి

పెన్ను తప్పకుండా ఇస్తానండి. సారా ఆట పదో తరగతికి ఆడిస్తాను, అమ్మమ్మలను అడిగి రమ్మంటాను. గవర్నరు కార్డు సంగతి మీరిద్దరూ తేల్చండి, అందాకా నేనే గవర్నర్ని. ఇప్పుడు అర్జెంటుగా ఒక సందేహం. ఇంకో సెక్షన్ వాళ్లు కూడా ఇదే బిల్లు ఆడారు, అక్కడ ఓడిపోయింది. వచ్చే శనివారం మళ్లీ పెడతామంటున్నారు. పెట్టొచ్చా?

పాత ఫైలు · సోమవారం పొద్దున

సభ ఒకసారి తేల్చిన విషయాన్ని అదే సమావేశాల్లో మళ్లీ తీసుకురాకూడదన్నది నియమం. తర్వాతి సమావేశాల్లో తేవచ్చు.

సోషల్ టీచరమ్మ · సోమవారం పొద్దున

అయితే ఆ శనివారంతో మొదటి సమావేశాలు ముగిసినట్టు బోర్డు మీద రాసి, తేదీ వేసి, హెచ్‌ఎం గారి సంతకం పెట్టించేస్తాను.